కథ చదవకముందే ఇతివృత్తం చెప్పేస్తే ఇంక చదవడం దేనికి?

మన హైస్కూలు తెలుగు వాచకాల విషయసూచిక ఒకసారి తీసి చూడండి. చాలా తరగతుల పుస్తకాల్లో పాఠం పేరుతో పాటు ప్రక్రియ ఏమిటో, ఇతివృత్తం ఏమిటో కూడా వరసగా అచ్చేసి ఉంటుంది. దేశభక్తి అనో, శ్రమ విలువ అనో, మానవ సంబంధాలు అనో రెండేసి మాటలు. అంటే పిల్లాడు కథలో మొదటి వాక్యం కూడా చూడకముందే అది దేని గురించో ప్రభుత్వం వారే చెప్పేశారన్నమాట. ఆ తర్వాత పరీక్షలో మనం ‘ఈ కథ ఇతివృత్తం ఏమిటి?’ అని అడుగుతాం, వాడు ‘మానవ సంబంధాలు’ అని రాస్తాడు, మార్కు వేసేస్తాం. మధ్యలో కథ చదివాడా లేదా అన్నది వాడికీ అక్కర్లేదు, మనకీ అక్కర్లేదు.

నేను కోనసీమలో గోదావరి పాయను ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో తెలుగు చెబుతాను. మా స్కూలుకి లంకల్లోంచి వచ్చే పిల్లలు కూడా ఉన్నారు, ఆగస్టులో గోదావరి పోటెత్తితే వాళ్ల హాజరు పడిపోతుంది. తెలుగు మాస్టార్లం ఎక్కడ కలిసినా, ట్రైనింగుల్లో గానీ పేపర్లు దిద్దే చోట గానీ, ఒకటే మాట వినపడుతుంది: ‘పిల్లలకి కథ చెప్పమంటే చెబుతారండీ, ఇతివృత్తం రాయమంటే మాత్రం రాదు.’ నాకు ఈ మాట మీద నమ్మకం లేదు. పిల్లలకి రాక కాదు, మనం రానివ్వకే. కథ మొదలవకముందే ఒకసారి చెప్పేస్తాం, అయ్యాక నీతి అని ఇంకోసారి చెప్పేస్తాం, రెండింటి మధ్య వాడు ఆలోచించాల్సిన జాగాని ‘పాఠ్యభాగ సారాంశం’తో నింపేస్తాం.

ముందు ఆ రెండు మాటల సంగతి చూద్దాం. ‘మానవ సంబంధాలు’ ఏ కథకైనా సరిపోతుంది. రామాయణానికి సరిపోతుంది, నిన్న రాత్రి టీవీలో వచ్చిన సీరియల్‌కీ సరిపోతుంది. అన్నిటికీ సరిపోయే జవాబు దేని గురించీ ఏమీ చెప్పనట్టే. అందుకని మా తరగతిలో ఎవరైనా ‘స్నేహం అండీ’, ‘త్యాగం అండీ’ అంటే నేను కాదనను. ‘సరే, స్నేహం గురించి ఈ కథ ఏమంటోంది రా?’ అంటాను. అప్పుడు క్లాసు సైలెంటు. అక్కడ మాత్రం మనం నోరు మూసుకుని ఆగాలి, ఇది చాలా కష్టం, ఎందుకంటే పీరియడు నలభై అయిదు నిమిషాలే, సిలబసు వెనకబడి ఉంటుంది, జవాబు మన నాలుక చివరే ఉంటుంది. ఇతివృత్తం చెబితే అది పూర్తి వాక్యంగా ఉండాలి, చివర క్రియ ఉండాలి అని ఒక రూలు పెట్టాను. తెలుగులో క్రియ లేకుండా కూడా వాక్యం ఉంటుంది కదండీ అని ప్రతి బ్యాచిలోనూ ఎవడో ఒకడు అడుగుతాడు. వ్యాకరణం చెప్పింది నేనే కాబట్టి ఏమీ అనలేను. అయినా రూలు రూలే.

ఇక నీతి సంగతి. దీనికి పిల్లల్నీ మాస్టార్లనీ తప్పుపట్టి లాభం లేదు, ఇది చాలా పాత అలవాటు. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ అచ్చయింది 1853లో. మిత్రలాభం, మిత్రభేదం ఆయన రాస్తే, సంధి, విగ్రహం మన రాజమండ్రి వీరేశలింగం పంతులుగారు రాశారు. తెలుగు వచనం నేర్చుకున్నవాళ్లు తరాల తరబడి ఆ దారిలోనే నడిచారు. ఆ కథలు కట్టడమే నీతి కోసం కట్టారు. పావురాలన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోతే అందులోంచి ఐకమత్యం తప్ప ఇంకేం తీస్తాం, తీయక్కర్లేదు కూడా. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆధునిక కథ అలా కట్టింది కాదు, మనం మాత్రం దాని చివర కూడా ‘నీతి:’ అని రెండు చుక్కలు పెట్టి పిల్లాడి ముందు పడేస్తున్నాం. వాడేం చేస్తాడు? అబద్ధమాడకూడదు, పెద్దల మాట వినాలి, కష్టపడితే ఫలితం ఉంటుంది, ఈ మూడిట్లో ఏది దగ్గరగా ఉంటే అది రాస్తాడు. తెలివైన వాడైతే మూడూ రాస్తాడు.

అందుకే నేను ప్రతి ఏడాదీ జూన్‌లో పుస్తకంలో లేని కథతో మొదలుపెడతాను, ఏడు చేపల కథతో. తొమ్మిదో తరగతి వాళ్లకి ఏడు చేపలేంటండీ అని మొదట నవ్వుతారు. రాజుగారి ఏడుగురు కొడుకులూ ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చిందంది. గడ్డిమోపు ఆవు మేయలేదంది, ఆవు పాలేరు మేపలేదంది, పాలేరు అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు, అవ్వ పిల్లాడు ఏడ్చాడంది, పిల్లాడు చీమ కుట్టిందన్నాడు. చీమ ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’ అంది. దీని ఇతివృత్తం ఏమిటి?

దీనికి ఫోన్లలో తిరిగే ఒక వివరణ ఉంది, మీకూ వచ్చే ఉంటుంది. రాజంటే మనిషి, కొడుకులంటే సప్తధాతువులు, చేపలంటే సప్తవ్యసనాలు, ఎండని చేప మనసు, గడ్డిమోపు అజ్ఞానం, ఇలా పోతుంది. చదవడానికి భలే ఉంటుంది. కానీ ఇందులో ఒక్క ముక్క కూడా కథలోంచి రాలేదు, బయట నుంచి తెచ్చి కథకి తగిలించారు. గడ్డిమోపు అజ్ఞానమని కథ ఎక్కడ చెప్పింది? ఆవు అజ్ఞానమూ గడ్డిమోపు జ్ఞానమూ అని తిప్పి రాసినా ఎవరూ కనిపెట్టలేరు. పిల్లలు ఇలాంటి వివరణ చూసి ఇతివృత్తమంటే తాళం వేసిన పెట్టె, దాని తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే ఉంటుంది అనుకుంటారు. అసలు నష్టం అదే.

ఒక ఏడాది మా క్లాసులో వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, ‘అందరూ పక్కోడి మీదకి తోసేశారండీ, చీమ ఒక్కటే తన సంగతి తాను చెప్పింది’ అన్నాడు. వెంటనే ఇంకొకడు, ‘మా శివారు చేలకి నీళ్లు రానట్టేనండి’ అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మా దగ్గర ఇది తెలియని ఇల్లు లేదు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి నూట డెబ్బై ఏళ్లు దాటిపోయినా కాలువ చివర చేలకి నీళ్లు ఎందుకు రాలేదని అడిగితే, కాలువ నీళ్లు చూసుకునే లస్కరు పై రైతుల మీద చెబుతాడు, పై రైతులు కాలువకి అడ్డుపడ్డ గుర్రపుడెక్క మీద చెబుతారు, గుర్రపుడెక్క ఎందుకు తీయలేదంటే బిల్లులు రాలేదంటారు. ఆ ఇద్దరు కుర్రాళ్లూ ఎవరూ నేర్పకుండానే ఇతివృత్తం చెప్పేశారు. మొదటివాడు కథలోని మనుషులంతా చేస్తున్న ఒకే పనిని పట్టుకున్నాడు. రెండోవాడు ఆ పని కథ బయట ఎక్కడ జరుగుతోందో చూపించాడు. ఆ ఒక్క కథకి సంబంధించినంత వరకూ నేను చెప్పాల్సింది ఇంకేం మిగల్లేదు.

అయితే ఏడు చేపల దగ్గర ఆగిపోతే సరిపోదు. అక్కడ అందరూ ఒకే పని చేస్తారు, కాబట్టి తేలిక. పెద్ద కథలో మనిషి మారతాడు, మారినట్టు కనిపిస్తాడు, ఒక్కోసారి మారాడో లేదో తెలియదు. అందుకు నేను వాడేది పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’. ఆయన మన పశ్చిమగోదావరి మనిషి. ఈ కథకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్లు పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందని చెబితే పిల్లలు కాస్త నిటారుగా కూర్చుంటారు. తుఫాను అనగానే ఇంకాస్త ముందుకు జరుగుతారు. తొంభయ్యారు తుఫాను, అంటే 1996 నవంబరు 6న వచ్చింది, వీళ్లెవరూ పుట్టకముందుది, కానీ కొబ్బరితోటలు ఎలా పడిపోయాయో, ఎవరు ఎక్కడ తలదాచుకున్నారో ఇంట్లో విని విని ఉన్నారు కాబట్టి తామే చూసినట్టు చెబుతారు.

కథ మీకు తెలిసే ఉంటుంది. రావుగారు నియమాల మనిషి. రైల్లో ఒక ముష్టామె అడిగితే ఏమీ ఇవ్వడు. రాత్రి గాలివానలో ఒక చిన్న స్టేషన్లో చిక్కుకుపోతాడు, అక్కడికి ఆవిడే వస్తుంది, ఆ చీకట్లో ఆ భయంలో ఆయనకు ఆసరాగా మిగిలింది ఆవిడొక్కతే. తెల్లారేసరికి ఆవిడ చచ్చిపోయి ఉంటుంది, ఆయన పర్సు ఆవిడ చేతిలో ఉంటుంది.

మొదటిసారి అడిగితే వచ్చే జవాబులు ఎలా ఉంటాయంటే: ‘ఆపదలో ఒకరికొకరు సాయం చేసుకోవాలి.’ ‘పేదవాళ్లను చులకనగా చూడకూడదు.’ ‘దొంగతనం చేస్తే దేవుడు శిక్షిస్తాడు.’ ఈ మూడో జవాబు రాసేది ఎక్కువగా బాగా చదివే పిల్లలే, అది గమనించదగ్గ సంగతి. వీళ్లని తిట్టి లాభం లేదు. నేను అప్పుడు ఒక్కటే అడుగుతాను: మీరు రాసిన వాక్యంలో ఆ పర్సు పడుతుందా?

సాయం చేసుకోవాలి అన్నవాడికి పర్సు అడ్డం వస్తుంది. సాయం చేసిన మనిషి దొంగతనం ఎందుకు చేసింది? దొంగతనానికి శిక్ష అన్నవాడికి ఆ రాత్రి అడ్డం వస్తుంది. శిక్ష పడాల్సిన మనిషైతే రచయిత ఆవిడ చేత అంత ధైర్యం ఎందుకు చెప్పించాడు, అంత ప్రాణం ఎందుకు పోశాడు? పేదవాళ్లు మంచివాళ్లు అని రాస్తే పర్సు మళ్లీ అడ్డం. ఇలా ఒక్కో వాక్యాన్నీ ఆ పర్సు దగ్గరికి తీసుకెళ్లి నిలబెడితే నిలిచేవి రెండో మూడో మిగులుతాయి. ఒక అమ్మాయి రాసింది నాకింకా గుర్తుంది: మంచి చెడు అని మనం పెట్టుకున్న లెక్కలు ప్రాణం మీదకొచ్చినప్పుడు పనికిరావు, ఆ లెక్కలకి బయట ఉన్న మనిషే మనల్ని బతికించవచ్చు. పదో తరగతి పిల్ల. ఈ వాక్యంలో పర్సు పడుతుంది, రైలూ పడుతుంది, రావుగారి నియమాలూ పడతాయి.

దీన్ని మా క్లాసులో పర్సు ప్రశ్న అని పిలుచుకుంటాం. ప్రతి మంచి కథలోనూ ఒక పర్సు ఉంటుంది. మనం తొందరపడి చేసుకున్న నిర్ణయానికి ఒప్పుకోని వస్తువో మాటో పనో ఒకటి ఉంటుంది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటి కథ, రాత్రిళ్లు ఆటపాటల కోసం బయట తిరిగే భర్త బుద్ధి తెచ్చుకున్నాడు అని చెప్పుకుంటే సరిపోయేలాగే ఉంటుంది, కానీ చివర మంచం కింద నుంచి భార్య నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వుని ఏం చేస్తారు? భర్త మారడమే కథైతే భార్య రాసిపెట్టిన ఉత్తరం చాలు, నవ్వు దేనికి? దిద్దినది ఎవరు, ఏ చదువుతో దిద్దింది అన్న ప్రశ్న ఆ నవ్వు దగ్గరే మొదలవుతుంది. గైడుల్లో ఆ నవ్వు గురించి నాకు ఒక్క వాక్యం కూడా కనపడలేదు.

ఇక్కడ ఇంకో వైపు నుంచి కూడా ఒక మాట అనాలి, ఎందుకంటే కొత్తగా వచ్చిన ట్రైనింగుల్లో దీనికి ఎదురు పాట మొదలైంది. ‘ప్రతి పిల్లవాడి స్పందనా సరైనదే, తప్పు జవాబంటూ ఉండదు’ అంటున్నారు. ఇది వినడానికి ఉదారంగా ఉంటుంది గానీ నాకు నచ్చదు. తప్పు జవాబు ఉంటుంది. గాలివానకి ‘చెట్లు నరకకూడదు’ అని రాస్తే అది తప్పే. కథలో ఆధారం లేదు కాబట్టి తప్పు. పిల్లాడు ఏం రాసినా భేష్ అంటే వాడు కథలోకి వెళ్లాల్సిన అవసరం మళ్లీ లేకుండా పోతుంది, విషయసూచిక చూసి రాసినవాడికీ వీడికీ తేడా ఏముంది? ఒకడు పుస్తకం అట్ట దగ్గర ఆగాడు, ఇంకొకడు తన మనసు దగ్గర ఆగాడు, ఇద్దరూ కథ చదవలేదు. సరైన జవాబులు చాలా ఉండొచ్చు, ఏదైనా సరైనది కాదు, ఈ రెండింటి తేడా పన్నెండేళ్ల పిల్లలకి బాగానే అర్థమవుతుంది, పెద్దవాళ్లకే ఎందుకో కష్టంగా ఉంది.

మార్కుల సంగతి అడుగుతారని తెలుసు. మన పిల్లలకి చివరికి పబ్లిక్ పరీక్ష ఉంది, దాన్ని కాదని ఆదర్శాలు చెబితే తల్లిదండ్రులు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే. నేను నా స్లిప్ టెస్టుల్లో కథ ప్రశ్నకి నాలుగు మార్కులు ఇలా వేస్తాను. కథ ఏ విషయం గురించో చెబితే ఒకటి. ఆ విషయం గురించి కథ ఏమంటోందో పూర్తి వాక్యంలో రాస్తే ఒకటి. కథలోంచి ఒక పనినో మాటనో చూపించి ఆ వాక్యాన్ని నిలబెడితే ఒకటి. పర్సు ప్రశ్నకి జవాబిస్తే ఇంకోటి. ఇలా అలవాటైన పిల్లలు పబ్లిక్‌లో మామూలు ప్రశ్నకి మామూలు జవాబు రాయలేరా అంటే, హాయిగా రాస్తారు, పైగా కథ గుర్తుంటుంది కాబట్టి గైడు బట్టీ పట్టే పని తగ్గుతుంది.

ఈ పద్ధతి బాగా అడ్డం తిరిగింది ఒక్కసారే, అది కూడా చెప్పాలి. పుస్తకంలోవి, గైడుల్లోవి కాకుండా ఎవరికీ తెలియని కథ ఉంటే బాగుంటుందని ఒకటి నేనే రాసి ఇచ్చాను. ఎనిమిదో తరగతి పిల్ల, అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ప్రతి శుక్రవారం వీడియో కాల్. పిల్ల ‘బాగానే ఉన్నా’ అని ఫోను అమ్మమ్మకి ఇచ్చేస్తుంది. మూడేళ్ల తర్వాత అమ్మ సెలవు మీద వస్తుంది, పెద్ద సూట్‌కేసు, సబ్బులు, సెంటు సీసాలు, చాక్లెట్లు. పిల్ల చాక్లెట్లన్నీ వీధిలో వాళ్లకి పంచేస్తుంది, ఒక్కటీ తినదు. రాత్రి అమ్మ ముద్ద కలిపి పెట్టబోతే ఆకలి లేదంటుంది. సెలవు అయిపోతుంది. హైదరాబాదు బస్సు ఎక్కించడానికి రావులపాలెం వెళ్తారు. బస్సు కనిపించాక పిల్ల అడుగుతుంది, ‘అమ్మా, అక్కడి పిల్లలకి జడ ఎలా వేస్తావు?’ అంతే కథ.

మా ప్రాంతంలో గల్ఫ్ లేని వీధి ఉండదు, కాబట్టి పరిచయాలు అక్కర్లేదు. ఒకడు ‘చాక్లెట్లు నలుగురితో పంచుకోవాలి’ అని రాశాడు, వాడికి గుండు సున్నా పెట్టడానికి మనసొప్పలేదు గానీ పెట్టాను. ఇద్దరికి మాత్రం నాలుగుకి నాలుగు వేశాను. ఒక అమ్మాయి, సంపాదన కోసం దూరమైన అమ్మ తిరిగొచ్చినా పిల్లకి వేరే ఇంటి మనిషిగానే కనిపిస్తుంది అని రాసి, ‘అక్కడి పిల్లలకి’ అన్న మాటని ఆధారం చూపించింది. ఇంకో అబ్బాయి సరిగ్గా దీనికి ఎదురు రాశాడు: కోపం కింద అమ్మ గురించి తెలుసుకోవాలన్న ఆశ ఉంది, కథ మొత్తంలో ఆ పిల్ల అమ్మని అడిగిన ప్రశ్న అదొక్కటే. నిజమే, అదొక్కటే. నేను రాసిన కథే అయినా నేను లెక్కపెట్టుకోలేదు.

ఆ అమ్మాయి నాన్న పేపరు పట్టుకుని స్కూలుకి వచ్చాడు. ఎదురెదురు జవాబులకి ఇద్దరికీ ఫుల్ మార్కులు ఎలా వేశారండీ మాస్టారూ, ఒకళ్లది తప్పయి ఉండాలి కదా అని. రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడు, భార్య మస్కట్‌లో ఉంది, అది నాకు తర్వాత తెలిసింది. కథ చదివారా అన్నాను. లేదన్నాడు. స్టాఫ్‌రూములో కూర్చోబెట్టి ఇచ్చాను, చదివాడు, మళ్లీ మొదటికి వెళ్లి ఇంకోసారి చదివాడు. ‘ఇద్దరిదీ తప్పేనండి’ అన్నాడు. ఎందుకంటే, ‘ఇందులో అమ్మ ఉంది, అమ్మమ్మ ఉంది, వీధిలో వాళ్లు కూడా ఉన్నారు. ఆ పిల్ల నాన్న ఏడండీ? ఆడు లేకపోవడమే కదండీ ఇదంతా’ అన్నాడు. కథలో దానికి ఏ వాక్యం చూపిస్తారు అన్నాను, అలవాటు కొద్దీ. ‘లేనోణ్ని ఎక్కడ చూపిస్తామండీ’ అన్నాడు.

నా నాలుగు మార్కుల లెక్కలో ఆయన జవాబుకి మూడో మార్కు రాదు, కానీ ముగ్గురిలో కథ లోపలికి ఎక్కువ దూరం వెళ్లింది ఆయనే. అందుకని ఈ ఏడాది నుంచి ఇంకో ప్రశ్న కలిపాను: ఈ కథలో ఉండాల్సిన మనిషి గానీ మాట గానీ ఏదైనా లేకుండా పోయిందా, పోతే ఎందుకు? దీనికి పిల్లలు రాసే జవాబులు మిగతావాటికంటే బాగుంటున్నాయి. దిద్దడానికి మాత్రం రెట్టింపు టైము పడుతోంది.